ప్లాటినం మూస ఎందుకు పగిలింది?

(ఫ్రీమాంట్‌లో చేసిన రేడియో ప్రసంగానికి పాఠం)



ఈ వారం మీకు ఒక చరిత్ర చెప్పబోతున్నాను. రాజులది కాదు, యుద్ధాలదీ కాదు. లోహాల్లో ఉండే ఎలక్ట్రాన్లది. "ఇదేమిటండీ, సెలవురోజు పొద్దున్నే ఫిజిక్సు పాఠమా?" అని రేడియో కట్టేయకండి. ఈ కథలో మన నిజామాబాద్ జిల్లా కమ్మరులు వస్తారు, మద్రాసు వస్తుంది, మన ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కితే గంటలోపు చేరిపోయే బర్క్లీ వస్తుంది. హైదరాబాదులో చేయని తప్పుకు మాటపడ్డ ఒక అటెండరు కూడా వస్తాడు. నిజానికి ఆయన కోసమే ఈ ప్రసంగం.

నేను ఫ్రీమాంట్‌కి వచ్చింది 1998లో, చాలామంది లాగే సాఫ్ట్‌వేరు ఉద్యోగానికి. అంతకుముందు హైదరాబాదులో ఖనిజాలు పరీక్షించే ఒక లాబొరేటరీలో కెమిస్టుగా పనిచేశాను. దాని పేరు ఇక్కడ అనవసరం. 1986 వేసవిలో భీమునిపట్నం వైపు నుంచి సముద్రపు ఇసుక నమూనాలు వచ్చాయి. వాటిలో జిర్కోనియం ఎంత ఉందో తేల్చాలి. ఇసుకను కరిగించి, ద్రావణం చేసి, అందులోంచి జిర్కోనియాన్ని మడ్డిగా దించి, ఆ మడ్డిని వడపోత కాగితంలో పట్టి, కాగితంతో సహా ప్లాటినం క్రూసిబుల్‌లో పెట్టి కాల్చాలి. క్రూసిబుల్ అంటే మన కంసాలులు బంగారం కరిగించే మూస లాంటిదే. మూత తీసి ఉంచి, సన్నని సెగ మీద కాగితమంతా కాలి బూడిదయ్యాకే దాన్ని పెద్ద కొలిమిలో పెట్టాలి. అది పద్ధతి. ఆ సాయంత్రం నాకు తొందర. బస్సు వెళ్లిపోతుందని, కాగితం నల్లగా మాడగానే మూత పెట్టేసి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలోకి నెట్టి, పొద్దున్నే తీసి పెట్టమని అటెండరుకి చెప్పి వెళ్లిపోయాను.

మర్నాడు చూస్తే మూస అడుగు పెళుసెక్కి పగిలింది. ఒకచోట చిన్న చిల్లు. తూకం వేస్తే లోటు. అప్పట్లో ప్లాటినం బంగారం కన్నా ప్రియం, కాబట్టి విచారణ పెట్టారు. వాళ్ల లెక్క సులువుగానే ఉంది. ప్లాటినం కరగాలంటే 1768 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. మన కొలిమి ఎంత రాజేసినా అందులో సగం దాటి కాస్త పైకి పోతుంది, అంతే. కరగని లోహానికి చిల్లెలా పడింది? ఎవరో గీకి ఉండాలి. రాత్రి తాళాలు ఎవరి దగ్గరున్నాయి? అటెండరు దగ్గర.

"నేనేం గీకలే సార్. పొద్దున తీసేసరికే గట్లున్నది" అన్నాడాయన, ఒకటికి పదిసార్లు. కాగితం పూర్తిగా కాల్చలేదన్న సంగతి నేను చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు కూడా. ఆయన జీతంలో కోత పడింది, లాబొరేటరీ లోంచి తీసి గేటు దగ్గర వేశారు. ఈ సంగతి కాసేపు ఇక్కడ ఉంచి చరిత్రలోకి వెళదాం. ఆ మూస ఎందుకు పగిలిందో తెలియాలంటే రెండువందల యేళ్లు వెనక్కి పోవాలి.

లోహాన్ని వేడిచేస్తే ఆ వేడి ఎక్కడికి పోతుంది? 1819లో పారిస్‌లో దులాంగ్, పెటీ అనే ఇద్దరు ఒక విచిత్రం కనిపెట్టారు. రాగి కానీయండి, వెండి కానీయండి, సీసం కానీయండి, సమాన సంఖ్యలో పరమాణువులు తీసుకుంటే ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు ఒకే పరిమాణంలో వేడి పట్టుతుంది. ఇప్పటి లెక్కలో ఒక మోలుకి సుమారు 25 జౌళ్లు. ఆ వేడంతా పరమాణువులు ఉన్నచోటే ఊగడానికి సరిపోతుందని తరువాత తేలింది.

1900లో జర్మనీలో పాల్ డ్రూడ్ ఇంకో మాట అన్నాడు. లోహంలో ఎలక్ట్రాన్లు గాలి అణువుల్లా స్వేచ్ఛగా తిరుగుతాయి, అందుకే కరెంటు పారుతుంది అని. బాగుంది. కానీ అలా తిరిగేవైతే అవి కూడా వేడి మింగాలి కదా? పరమాణువుకి ఒక్క ఎలక్ట్రాన్ చొప్పున వేసుకున్నా 25 జౌళ్లకు ఇంకో పన్నెండున్నర కలవాలి. కొలిస్తే అది లేదు. కరెంటు మోసేటప్పుడు హాజరయ్యే ఎలక్ట్రాన్లు వేడి పంచుకునేటప్పుడు ఎక్కడికి పోతున్నాయి? పాతికేళ్లకు పైగా ఈ చిక్కు విడలేదు.

విప్పింది ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్. 1926లో ఫెర్మీ, డిరాక్ చెప్పిన కొత్త గణాంకాలను 1927, 28 సంవత్సరాల్లో ఆయన లోహాలకు అన్వయించాడు. హౌస్‌ఫుల్ అయిన సినిమా హాలు ఊహించుకోండి. కింది వరసలన్నీ నిండాయి, పై వరసలు ఖాళీ. మధ్యలో ఇరుక్కున్న మనిషి లేచి వేరే చోటికి పోదామన్నా దగ్గర్లో సీటు లేదు. నిండిన వరసల్లో చిట్టచివర కూర్చున్నవాళ్లు మాత్రమే లేచి పైకి పోగలరు. ఎలక్ట్రాన్ల పరిస్థితి అదే. వేడి తగిలినప్పుడు కదిలేవి ఆ అంచున ఉన్న కొద్ది ఎలక్ట్రాన్లే. అందుకే మామూలు వేడి దగ్గర రాగిలో ఎలక్ట్రాన్ల వాటా ఒక్క శాతం కన్నా తక్కువ. చిల్లర పద్దు అన్నమాట.

ఇక్కడ మనవాళ్లకు సంబంధించిన ముచ్చటొకటి ఉంది. 1928లో సోమర్‌ఫెల్డ్ ఇండియా వచ్చి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉపన్యాసం చేశాడు. అప్పుడక్కడ చదువుకుంటున్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఆయన బస చేసిన హోటలుకి వెళ్లి కలిశాడు. నువ్వు చదివిన ఫిజిక్సు పాతబడిపోయిందని చెప్పి, ఇంకా అచ్చుకాని తన ఎలక్ట్రాన్ సిద్ధాంతపు ప్రూఫులు సోమర్‌ఫెల్డ్ ఆ కుర్రవాడి చేతిలో పెట్టాడు. చంద్రశేఖర్ ఆ గణాంకాలనే తరువాత నక్షత్రాలకు అన్వయించిన సంగతి మీకు తెలిసిందే. ఒకే లెక్క, ఒకచోట రాగితీగకీ ఇంకొకచోట చచ్చిపోతున్న నక్షత్రానికీ.

చిల్లర పద్దు అన్నాను కదా, దాని స్వభావం వేరు. పరమాణువుల ఊగులాట మింగే వేడి ఒక స్థాయికి వచ్చి 25 దగ్గర దాదాపు నిలిచిపోతుంది. ఎలక్ట్రాన్ల వాటా అలా ఆగదు. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ పెరుగుతూనే ఉంటుంది. ఒక లోహం ఏ రూపంలో నిలుస్తుంది, ఏ రూపం వదులుకుంటుంది అని తేల్చే శక్తి లెక్కలో అయితే ఉష్ణోగ్రత రెండింతలైతే ఈ పద్దు సుమారు నాలుగింతలవుతుంది. పైగా అన్ని లోహాలూ ఒకటి కావు. ప్లాటినం, నికెల్, వనేడియం లాంటి వాటిలో ఆ అంచు వరస చాలా కిక్కిరిసి ఉంటుంది. మామూలు వేడి దగ్గరే ప్లాటినంలో ఎలక్ట్రాన్ల వాటా రాగిలో కన్నా తొమ్మిది పది రెట్లు ఎక్కువ. కొలిమి వేడిలో దాన్ని చిల్లర అనడానికి వీల్లేదు.

దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఇనుము. ఇనుము చిత్రమైన లోహం. 912 డిగ్రీల దాకా దాని పరమాణువులు ఒక అమరికలో ఉంటాయి. అక్కడ ఇంకో అమరికలోకి మారతాయి. మారినవి అలాగే ఉండొచ్చు కదా? 1394 డిగ్రీల దగ్గర మళ్లీ మొదటి అమరికకే తిరిగివస్తాయి. 1538 దగ్గర కరుగుతాయి. ఈ రాకపోకలకు కారణం పరమాణువుల ఊగులాట ఒక్కటే అయితే కుదరదు. ఇనుములోని అయస్కాంత గుణం ఎలక్ట్రాన్లదే. చల్లగా ఉన్నప్పుడు ఆ మొదటి అమరికను నిలబెట్టేది అదే. 770 డిగ్రీల దగ్గర ఆ క్రమం చెదిరి, చెదిరిన ఎలక్ట్రాన్ల వాటా కొత్తగా లెక్కలోకి వస్తుంది. 1955లో క్లారెన్స్ జీనర్ అయస్కాంతత్వం లోహశాస్త్రాన్ని ఎలా శాసిస్తుందో చూపించాక ఇది స్పష్టపడుతూ వచ్చింది.

దీనివల్ల మనకేమిటి అంటారా? మధ్యలో వచ్చే ఆ రెండో అమరిక రెండు శాతం పైచిలుకు కార్బన్‌ను తనలో ఇముడ్చుకోగలదు. మొదటి అమరికలో పట్టేది శాతంలో సుమారు యాభయ్యో వంతే. ఉక్కు అనేది ఈ తేడా మీదే బతుకుతోంది. మన ఊళ్లో 1984 నుంచి 2010 దాకా నమ్మీ పేరుతో కార్లు తయారైన ఫ్యాక్టరీ, తరువాత టెస్లా చేతికి వచ్చిన అదే ఫ్యాక్టరీ, అందులో వంగే ప్రతి ఉక్కు రేకు వెనక ఈ 912 డిగ్రీల గీత ఉంది.

ఆ గీతను థర్మామీటరు లేకుండా కంటితో చూసి పట్టుకున్నవాళ్లు మన కోనసముద్రం కమ్మరులు. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊరి ఉక్కు గురించి హెన్రీ వాయిసీ రాసిన వర్ణన 1832లో కలకత్తాలో అచ్చయింది. రెండు రకాల ఇనుము కలిపి, మట్టి మూసలో పెట్టి మూసివేసి, ఇరవైనాలుగు గంటలు కాచేవారని, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పారశీక వర్తకుడొకాయన అక్కడే కూర్చుని సరుకు కొనేవాడని అందులో ఉంది. డమాస్కస్ కత్తులకు ప్రసిద్ధికెక్కిన ఉక్కు ఈ జాతిదే. వాళ్లకు ఎలక్ట్రాన్ తెలియదు. కానీ మూస మూత ఎప్పుడు తీయాలో, ఎప్పుడు తీయకూడదో తెలుసు. నాకు ఎలక్ట్రాన్ తెలుసు, మూత సంగతి మాత్రం పట్టలేదు.

ఇక మిశ్రమలోహాలు. 1926లో విలియం హ్యూమ్-రాథరీ అనే ఇంగ్లీషాయన ఇత్తడిలోను, కంచులోను ఒక పోలిక పట్టుకున్నాడు. రాగి ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది, జింకు రెండు, అల్యూమినియం మూడు, తగరం నాలుగు. ఒక రాగి, ఒక జింకు కలిస్తే రెండు పరమాణువులకు మూడు ఎలక్ట్రాన్లు. మూడు రాగి, ఒక అల్యూమినియం కలిస్తే నాలుగుకి ఆరు. అయిదు రాగి, ఒక తగరం కలిస్తే ఆరుకి తొమ్మిది. అన్నీ ఒకటిన్నర చొప్పునే! మూడింటి అమరికా ఒక్కటే. దినుసులు వేరైనా ఎలక్ట్రాన్ల లెక్క కుదిరితే నిర్మాణం కుదురుతుంది. మన ఇంట్లో ఇత్తడి బిందె, గుడిలో కంచు గంట ఈ కుటుంబంలోవే.

ఇప్పుడు బర్క్లీకి వద్దాం. లియో బ్రూవర్ అని ఒకాయన. 1919లో పుట్టాడు, 1942లో బర్క్లీలో డాక్టరేటు తీసుకున్నాడు. వెంటనే యుద్ధకాలపు అణుబాంబు పథకంలో ఒక వింత పని అప్పగించారు. ప్లుటోనియాన్ని కరిగించడానికి మూస కావాలి. అప్పటికి ఆ లోహం మైక్రోగ్రాముల్లో తప్ప లేదు. అది ఎంత వేడికి కరుగుతుందో, దేన్ని తినేస్తుందో తెలియదు. అధ్వాన్నంగా ప్రవర్తిస్తే ఎలా ఉంటుందో ఊహించి, దానికీ తట్టుకునే మూస తయారుచేయాలి. బ్రూవర్ బృందం సీరియం సల్ఫైడుతో మూసలు చేసింది. 2000 డిగ్రీలు దాటినా చెక్కుచెదరని పదార్థం అది. తీరా ప్లుటోనియం కరిగేది 640 డిగ్రీలకే అని తేలింది. అయితే ఆ పని బ్రూవర్‌ని జీవితాంతం అధిక ఉష్ణోగ్రతల రసాయనశాస్త్రానికి కట్టిపడేసింది.

ఆయనకు దొరికిన రెండో సూత్రం డెన్మార్కు లోహశాస్త్రజ్ఞుడు నీల్స్ ఎంగెల్ చెప్పింది. లోహపు అమరికను నిర్ణయించేవి బయటి ఎస్, పి కక్ష్యల్లోని ఎలక్ట్రాన్లే, డి కక్ష్యలవి బంధాన్ని బిగిస్తాయి తప్ప అమరిక మార్చవు అని. భౌతికశాస్త్రజ్ఞులు దీన్ని ఒప్పుకోలేదు. స్వయానా హ్యూమ్-రాథరీ, ఎలక్ట్రాన్ లెక్కలకు ఆద్యుడు, 1968లో ఈ ఎంగెల్-బ్రూవర్ సిద్ధాంతం మీద ఘాటైన విమర్శ రాశాడు.

బ్రూవర్ మాటకు మాట పేర్చలేదు. ఒక జోస్యం చెప్పాడు. ప్లాటినం దగ్గర బయటి ఎలక్ట్రాన్లు పది. వాటిలో కొన్ని జంటలుగా ముడుచుకుని బంధాల్లో పాల్గొనకుండా కూర్చుంటాయి. జిర్కోనియం దగ్గర నాలుగే, కక్ష్యలు ఖాళీ. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు కలిస్తే? ఆమ్లాలు, క్షారాల విషయంలో ఇదే బర్క్లీలో జి. ఎన్. లూయిస్ చెప్పిన సూత్రం ఇదేగా! అయితే ఆ కలయిక నమ్మశక్యం కానంత గట్టిగా ఉండాలి అన్నాడు.

పరీక్ష ఎలా పెట్టారో చూడండి. జిర్కోనియం కార్బైడు అనేది లోకంలోని మహా మొండి పదార్థాల్లో ఒకటి. దాదాపు 3500 డిగ్రీల దాకా కరగదు. జిర్కోనియాన్ని కార్బన్ చేతిలోంచి విడిపించడం మాటలు కాదు. దాన్ని పొడిచేసి ప్లాటినం పొడితో కలిపి వేడిచేశారు. ప్లాటినం ఆ జిర్కోనియాన్ని లాగేసుకుంది. కార్బన్ గ్రాఫైటుగా బయటపడి మిగిలిపోయింది. ఒక జిర్కోనియానికి మూడు ప్లాటినాలు చేరిన సమ్మేళనం తయారైంది. హాఫ్నియం విషయంలో కూడా ఇంతే. బ్రూవర్, వెంగర్ట్ దీన్ని ప్రచురించింది 1973లో. రెండు లోహాలు కలిస్తే ఏదో సర్దుకుపోయే స్నేహం అనుకునే రోజుల్లో ఇది పెద్ద సంగతే.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. తరువాత కంప్యూటర్లతో చేసిన ఎలక్ట్రాన్ లెక్కలు ఎంగెల్ చెప్పిన కారణాన్ని అలాగే నిలబెట్టలేదు. అమరిక విషయంలో డి ఎలక్ట్రాన్ల పాత్ర చాలా పెద్దదని తేలింది. అంటే విమర్శకులదీ తప్పు కాదు. కానీ ప్లాటినం, జిర్కోనియం బంధం ఎంత గట్టిదన్న జోస్యం మాత్రం నిలిచింది. కొలిమి దగ్గర పనిచేసేవాడికి కావలసిందీ అదే.

అప్పటికే ఈ లెక్క జెట్ ఇంజన్లకు కూడా అవసరమైంది. టర్బైను రెక్కల నికెల్ మిశ్రమాలు కొన్నాళ్లు వేడిలో పనిచేశాక లోపల సిగ్మా అనే పెళుసు పదార్థం ఏర్పడి విరిగేవి. 1964లో బోష్, స్లేనీ అనే ఇద్దరు మిశ్రమంలోని సగటు ఎలక్ట్రాన్ ఖాళీల సంఖ్య కట్టి, అది ఒక హద్దు దాటితే ప్రమాదమని ముందే చెప్పే పద్ధతి తెచ్చారు. ఇనుము, నికెల్, టైటానియం మిశ్రమలోహాలకు పేరుపడ్డ మన హైదరాబాదు మిధాని సంస్థ 1973లో పుట్టింది, బ్రూవర్ ప్రయోగం అచ్చయిన ఏడాదే. ఆ నగరంలోనే 1963 నుంచి రక్షణశాఖ లోహ పరిశోధనశాల ఉంది, 1971 నుంచి జిర్కోనియం గొట్టాలు చేసే అణు ఇంధన సముదాయం ఉంది. అంటే ఈ విద్య మా ఊళ్లో లేకపోలేదు. మా గదిలోకి రాలేదు, అంతే.

బ్రూవర్ 2005లో పోయారు. అప్పుడు వచ్చిన సంస్మరణ వ్యాసం ఒకటి నా కంటపడింది. ప్లాటినం, కార్బైడు ప్రయోగం గురించి చదువుతుంటే నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. మూత పెట్టిన మూసలో మాడిన కాగితం అంటే బొగ్గు. బొగ్గు మడ్డిలోని ఆక్సిజన్‌ను లాగుతుంది. ఒంటరిగా అయితే ఆ వేడికి అది సాధ్యపడే పని కాదు. కానీ పక్కనే ప్లాటినం కాచుకుని ఉంది, విడిపడిన జిర్కోనియాన్ని, దాంతోపాటు ఇసుకలోంచి వచ్చిన సిలికాన్‌ను, ఎలక్ట్రాన్ల ఆశతో లోపలికి పీల్చుకోవడానికి. సిలికాన్ చేరిన ప్లాటినం అయితే 830 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. 1768 అన్న అంకె శుద్ధమైన ప్లాటినానిది. మా విచారణ సంఘం ఆ ఒక్క అంకె చూసి మనిషిని దొంగను చేసింది. ఎవరూ గీకలేదు. నా తొందర చేసిన పని అది.

2008లో హైదరాబాదు వెళ్లినప్పుడు ఆయన ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఆయన అప్పటికే లేరు. కొడుకు ఉన్నాడు, ఆటో నడుపుతాడు. ఎలక్ట్రాన్ల సంగతి ఎత్తకుండా, కాగితం సంగతి, మూత సంగతి, నేను నోరు మూసుకున్న సంగతి చెప్పాను. కొంచెంసేపు ఏమీ అనలేదు.

"నాయిన గా ముచ్చట ఇంట్ల ఎన్నడూ తియ్యలే సార్. గేటు కాడ ఎందుకేసిన్రో మాకు తెల్వదు. చాయ్ తాగి పోన్రి" అన్నాడు.

చాయ్ తాగి వచ్చాను. తీర్చగలిగిన బాకీ కాదది.

ఈ చరిత్రలో నేను నేర్చుకున్నది ఒక్కటే. చల్లగా ఉన్నప్పుడు లెక్కకు రానిది వేడెక్కాక లెక్కనంతా తిరగేస్తుంది. లోహాల్లో దాన్ని పట్టుకోవడానికి సోమర్‌ఫెల్డ్ నుంచి బ్రూవర్ దాకా నలభై అయిదేళ్లు పట్టింది. మా లాబొరేటరీలో అయితే ఆ వేడిలో ఎవరి మాట లెక్కకు రాలేదో మీకు చెప్పాను. "పొద్దున తీసేసరికే గట్లున్నది" అన్న ఆ మాట అక్షరాలా నిజం.